డైనోసార్ ఫిగర్లు: స్కేలు ఎంత, నిజం ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

డైనోసార్లు, మామత్‌లు, ఎగిరే సరీసృపాల బొమ్మలు సేకరించేవాళ్లు ఎక్కువగా అడిగేవి రెండే: ఇది అసలు జంతువులో ఎన్నో వంతు? అసలు జంతువు ఇలాగే ఉండేదా? రెండింటికీ ఒక్క ముక్కలో జవాబు దొరకదు. అందుకే ఈ పేజీ కాస్త పొడుగైంది.

1:40 అంటే ఏమిటి?

అసలు జంతువులో 40వ వంతు అని. జంతువు 8 మీటర్లుంటే బొమ్మ 20 సెంటీమీటర్లు ఉండాలి. రెండో అంకె పెరిగేకొద్దీ బొమ్మ చిన్నదవుతుంది. కొత్తవాళ్లు తికమకపడేది ఇక్కడే. 1:18 బొమ్మ 1:40 బొమ్మకంటే బాగా పెద్దది.

పెట్టె మీద రాసిన స్కేలు నమ్మొచ్చా?

సగం నమ్మండి. కంపెనీ అబద్ధం చెబుతోందని కాదు, ఏ కొలతను లెక్కలోకి తీసుకుందో చెప్పదు కాబట్టి. ఒకే జాతిలో చిన్నవీ పెద్దవీ ఉంటాయి. దొరికిన అస్థిపంజరాల్లో చాలావాటికి తోక చివర ఉండదు, మెడ ఎముకలు కొన్ని ఉండవు. లేని భాగాన్ని దగ్గరి బంధువుల ఎముకలు చూసి అంచనా కడతారు. అంటే జంతువు పొడవే ఒక అంచనా. దాన్ని 35తోనో 40తోనో భాగించి, శిల్పి చేతిలో అటూ ఇటూ అయ్యి, అచ్చులోంచి బయటికొచ్చాక మనకందేది ఆ అంచనాకి మరో అంచనా. పదిశాతం తేడా ఉంటే నేనసలు పట్టించుకోను.

అసలు స్కేలే రాయని బొమ్మలు ఇంకా ఎక్కువ. అలాంటివాటిని మీరే కొలుచుకోవాలి.

నా దగ్గరున్న బొమ్మ స్కేలు నేనే ఎలా కట్టుకోవాలి?

ఒక దారం, ఒక స్కేలుబద్ద చాలు. ముక్కు కొస నుంచి మొదలుపెట్టి, మెడ మీదుగా, వెన్నెముక వెంట, తోక చివరిదాకా దారాన్ని వంపులతో సహా పరచండి. తర్వాత దారాన్ని సాగదీసి కొలవండి. మ్యూజియంలు, పరిశోధనా వ్యాసాలు చెప్పే పొడవు మామూలుగా ఇలా వెన్ను వెంట కొలిచిందే. తోకని పక్కకి మెలితిప్పిన బొమ్మను స్కేలుబద్దతో నేరుగా కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు సులువుగా తప్పిపోతాయి. ఆన్‌లైన్ అమ్మకాల పేజీల్లో రాసే సైజు ఎక్కువగా ఆ నేరు కొలతే.

అసలు పొడవును సెంటీమీటర్లలోకి మార్చి, బొమ్మ పొడవుతో భాగించండి. షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని సూ అనే టైరనోసారస్ పొడవు 12.3 మీటర్లు, అంటే 1,230 సెంటీమీటర్లు. మీ బొమ్మ 33 సెంటీమీటర్లు వస్తే స్కేలు 1:37.

ఇక్కడ ఆగిపోవద్దు. తోక పొడవు మీద ఆధారపడిన లెక్క కన్నా తల, తుంటి ఎత్తు ఇచ్చే లెక్క గట్టిది. సూ పుర్రె దాదాపు 1.4 మీటర్లు, తుంటి దగ్గర ఎత్తు దాదాపు 4 మీటర్లు. నిజంగా 1:35 బొమ్మ అయితే తల 4 సెంటీమీటర్లు, తుంటి ఎత్తు 11 సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ ఉండాలి. పొడవు ప్రకారం 1:37 వచ్చి, తల ప్రకారం 1:28 వచ్చిందనుకోండి, ఆ బొమ్మకి తల పెద్దదైపోయినట్టు. ఇది చాలా సాధారణం. కొనేవాళ్ల కన్ను ముందు తల మీదే పడుతుందని శిల్పులకి తెలుసు.

1:35, 1:40 బొమ్మలు పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుందా?

పొడవులో 14 శాతమే తేడా. కానీ బొమ్మ పొడవులోనే కాదు, వెడల్పులో, ఎత్తులో కూడా పెరుగుతుంది కదా. మూడూ కలిసేసరికి ఘనపరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. రెండు టైరనోసార్లని పక్కపక్కన పెడితే ఒకటి పెద్దదీ ఇంకొకటి పిల్లదీ అనిపించడానికి కారణం ఇదే. ఒక వేటజంతువు, దాని ఆహారం అని జత కట్టేటప్పుడు ఈ తేడా బాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వేర్వేరు జాతులని షెల్ఫులో అడుగు దూరంలో పెడితే ఎవరికీ తెలియదు.

సేకరణకి ఏ స్కేలు ఎంచుకోవాలి?

మీ షెల్ఫు ఎంతుందో, మీకిష్టమైన జంతువు ఏదో తేల్చుకుంటే స్కేలు దానంతటదే తేలుతుంది. 1:40లో టైరనోసారస్ 31 సెంటీమీటర్లు, ట్రైసెరటాప్స్ 20 నుంచి 22. చేతిలో పట్టుకోడానికి బాగుంటాయి. అదే స్కేల్లో వెలాసిరాప్టర్ 5 సెంటీమీటర్లు కూడా రాదు, తుంటి ఎత్తు సెంటీమీటరు పైన కొద్దిగా. వేళ్లు, ఈకలు చెక్కడానికి అక్కడ చోటే లేదు. రెండో కొసన బెర్లిన్ మ్యూజియంలోని జిరాఫటైటన్ ఉంది. ఎత్తు 13.27 మీటర్లు, 1:40లో అది 33 సెంటీమీటర్ల ఎత్తు. చాలా షెల్ఫుల అరల్లో పట్టదు. ఇక పటగోటైటన్‌ని 37 మీటర్లు అని లెక్కేస్తే బొమ్మ 92 సెంటీమీటర్లు. దాన్ని షెల్ఫులో పెట్టరు, దానికోసం బల్ల కొంటారు.

అందుకే చిన్న రాప్టర్లంటే ఇష్టమున్నవాళ్లు 1:6 లాంటి పెద్ద స్కేలుకి వెళ్తారు. బీస్ట్స్ ఆఫ్ ద మెసొజోయిక్ అనే బొమ్మల వరసలో రాప్టర్లు ఆ స్కేలువే, వాళ్ల కొమ్ముల డైనోసార్లు 1:18. పెద్ద శాకాహారులంటే ఇష్టమున్నవాళ్లు 1:40 దగ్గర ఆగుతారు. అన్నీ ఒకే స్కేల్లో ఉండాలని పట్టుపడితే సగం జాతులు వదులుకోవాలి. నన్నడిగితే రెండు స్కేళ్లు పెట్టుకుని, రెండు అరలు కేటాయించడం హాయి.

పక్కన మనిషి బొమ్మ పెట్టాలంటే ఎంత ఎత్తుది కావాలి?

175 సెంటీమీటర్ల మనిషి 1:40లో 4.4 సెంటీమీటర్లు, 1:35లో సరిగ్గా 5, 1:18లో 9.7. సైనిక మోడల్ కిట్లకి 1:35 పాత స్కేలు కాబట్టి ఆ సైజు మనుషులు తేలిగ్గా దొరుకుతారు. 1:18 డైకాస్ట్ (లోహపు పోత) బొమ్మ కార్ల స్కేలు. 1:40కి విడిగా మనుషులు తక్కువ, 1:43 కార్ల పక్కన పెట్టే మనుషులతో సర్దుకోవచ్చు.

ఒకే కంపెనీ వెలాసిరాప్టర్, స్టెగోసారస్ దాదాపు ఒకే సైజులో ఎందుకుంటాయి?

ఎందుకంటే అవి స్కేలు ప్రకారం చేసినవి కావు, ధర ప్రకారం చేసినవి. ఒక ధర వరుసలోని బొమ్మలన్నిటికీ దాదాపు అంతే ప్లాస్టిక్, అంతే పెట్టె, షెల్ఫులో అంతే చోటు. మనిషి నడుము దాకా కూడా రాని జంతువు, ఏడు మీటర్ల జంతువు ఒకే ఎత్తున నిలబడేది అందుకే. పిల్లలు ఆడుకునేవాటిలో ఇది తప్పుగా నాకనిపించదు. దానిమీద స్కేలు అంకె కూడా వేసి అమ్మితేనే అభ్యంతరం.

బొమ్మ సరిగ్గా ఉందో లేదో ముందు ఎక్కడ చూడాలి?

కోరలు కాదు, చేతులూ పాదాలూ చూడండి. ముఖం మీద శ్రద్ధ అందరూ పెడతారు. పాదం దగ్గరకొచ్చేసరికి శిల్పి చదువుకున్నాడో లేదో బయటపడుతుంది.

రెండు కాళ్ల మాంసాహారుల్లో అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, చప్పట్లు కొట్టబోతున్నట్టు. కింది నేలకేసి చూస్తున్న అరచేతులు ఆ మణికట్టుకి సాధ్యం కావు. టైరనోసారస్‌కి రెండు వేళ్లు, అల్లోసారస్‌కి మూడు, కార్నోటారస్‌కి నాలుగు.

పొడుగుమెడ సారోపాడ్‌లకి చాలా బొమ్మల్లో ఏనుగు పాదాలు తగిలించి, ముందువైపు వరసగా గోళ్లు పెడతారు. అసలు ముందు పాదం నిలువు స్తంభంలాంటిది. డిప్లోడోకస్, జిరాఫటైటన్ లాంటివాటికి అందులో బొటనవేలికి ఒక్కటే పెద్ద గోరు. తర్వాతి కాలపు టైటనోసార్లలో చాలావాటికి అదీ లేదు. వెనక పాదానికి మాత్రం మూడు పెద్ద గోళ్లు. ట్రైసెరటాప్స్ ముందు పాదానికి ఐదు వేళ్లుంటాయి, గిట్టలు మొదటి మూడింటికే. ఐదింటికీ గిట్టలు పెట్టారంటే ఆ బొమ్మ చేసినవాళ్లు ఎముకలు చూడలేదు.

తర్వాత తోక. నేలమీద ఈడ్చుకుంటూ పోయే తోక పాతకాలపు బొమ్మల గుర్తు. 1969లో జాన్ ఆస్ట్రోమ్ డైనోనికస్‌ని వర్ణించినప్పటి నుంచి చురుగ్గా పరుగెత్తే, తోక గాల్లో నిలిపే డైనోసార్ రూపం స్థిరపడుతూ వచ్చింది. శరీరాన్ని అడ్డంగా, తోకని దానికి సమతూకంగా పెట్టి ఉంటే మంచిది.

స్టెగోసారస్ అయితే ఫలకాలు లెక్కపెట్టండి. 17 నుంచి 22 దాకా ఉండాలి, రెండు వరసల్లో ఎదురెదురుగా కాక ఒకటి విడిచి ఒకటి. తోక చివర నాలుగు ముళ్లు.

ఇక ఒళ్లు. పుర్రెలోని రంధ్రాలన్నీ చర్మం మీద గుంటల్లా కనిపిస్తూ, పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉంటే అది ఎముకలకి చర్మం చుట్టిన బొమ్మ. బతికిన జంతువుకి కండ ఉంటుంది, కొవ్వు ఉంటుంది, పొట్ట ఉంటుంది. కొన్ని ఖరీదైన బొమ్మలు కూడా ఈ తప్పు చేస్తాయి, ఎందుకంటే గుంటలు, గీతలు ఉంటే ‘డీటెయిల్ ఎక్కువ’ అనిపిస్తుంది.

ఈకలు లేకపోతే తప్పా?

జాతిని బట్టి. వెలాసిరాప్టర్‌కి ఈకలు లేకపోతే తప్పే. మంగోలియాలో దొరికిన దాని ముంజేతి ఎముక మీద ఈకలు కుదురుకునే బొడిపెలు ఉన్నాయని 2007లో ప్రచురించారు. ఒంటినిండా సన్నటి నూగు పెట్టి చేతులకి మాత్రం రెక్క ఈకలు లేకుండా చేసినా అది సగం పనే.

టైరనోసారస్ వేరు. దాని బంధువు యుటిరానస్ 9 మీటర్ల జంతువు, ఈకలతో దొరికింది, 2012లో ప్రకటించారు. దాంతో కొన్నేళ్లపాటు టైరనోసారస్‌కి కూడా ఒళ్లంతా ఈకలు తొడిగిన బొమ్మలు వచ్చాయి. 2017లో టైరనోసారస్ మెడ, తుంటి, తోక దగ్గరి చర్మపు ముద్రలు వర్ణించారు, అన్నీ పొలుసులే. వీపు మీద కొంచెం నూగు ఉందేమో అనడానికి ఇంకా చోటుంది. పూర్తి ఈకల కోటు తొడిగితే మాత్రం నమ్మడం కష్టం.

నోరు మూస్తే కోరలు బయటికి కనిపించాలా?

మొసలిలా కనిపిస్తాయనే చాలాకాలం బొమ్మలు చేశారు. 2023లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన పంటి ఎనామిల్ అరుగుదలని, పుర్రెకీ పంటికీ ఉన్న నిష్పత్తినీ చూసి, టైరనోసారస్ వంటివాటికి బల్లులకున్నట్టు పళ్లని కప్పే పెదవులు ఉండేవని వాదించింది. అందరూ ఒప్పుకోలేదు. పెదవులున్న బొమ్మల సంఖ్య మాత్రం పెరుగుతోంది, నా ఓటు కూడా వాటికే.

రంగులు ఎవరు చూశారు?

కొన్నింటివి తెలుసు. ఈకల్లో, చర్మంలో రంగునిచ్చే సూక్ష్మకణాలు శిలాజాల్లో మిగిలితే వాటి ఆకారాన్ని బట్టి రంగు చెప్పగలుగుతున్నారు. 2010లో ముందుగా తేలినవాటిలో సైనోసారోప్టెరిక్స్ ఒకటి: ఎర్రటి గోధుమరంగు, తోక మీద లేత, ముదురు పట్టీలు. మైక్రోరాప్టర్‌ది మెరిసే నలుపు. సిట్టకోసారస్‌కి, కవచమున్న బోరియలోపెల్టాకి పైన ముదురు, పొట్ట కింద లేత రంగు. ఈ జాతుల బొమ్మ వేరే రంగుల్లో వస్తే తప్పని ధైర్యంగా అనొచ్చు.

మిగతావాటిలో రంగు శిల్పి ఇష్టం. అయినా ఏనుగంత జంతువుకి చిలకపచ్చ, నారింజ చారలు వేస్తే నాకెందుకో మింగుడుపడదు.

స్పైనోసారస్ బొమ్మలు ఒక్కోటి ఒక్కోలా ఉన్నాయి. ఏది సరైనది?

ఆ బొమ్మ ఏ సంవత్సరానిదో ముందు చూడండి. ఏ జంతువుకైనా ఇదే అడగాలి గానీ, స్పైనోసారస్‌కి మరీ ముఖ్యం.

ఎర్న్‌స్ట్ స్ట్రోమర్ 1915లో ఈజిప్టు ఎముకలు చూసి దీనికి పేరు పెట్టాడు. ఆ ఎముకలు 1944లో మ్యూనిక్ మీద జరిగిన బాంబుదాడిలో నాశనమయ్యాయి. తర్వాత దశాబ్దాలపాటు శిల్పులకి మిగిలింది గీసిన చిత్రాలు, వర్ణనలే. మామూలు మాంసాహారి ఒంటికి వీపు మీద తెరచాప అతికించి చేసేవారు. మొసలిలాంటి పొడుగు మూతి కూడా దాని బంధువులు దొరికాక వచ్చింది. 2014లో మొరాకో అస్థిపంజరంతో కాళ్లు పొట్టివయ్యాయి. 2020లో తోక ఎముకలు ప్రచురించాక తోక తెడ్డులా వెడల్పైంది. 2022లో ఇది నీళ్లలో మునిగి వేటాడేదని ఒక పరిశోధన, అలా మునగలేదని ఇంకొకటి.

కాబట్టి 2010 నాటి పొడుగుకాళ్ల స్పైనోసారస్ అప్పటికి మంచి పనే. 2023లో తెడ్డుతోక లేకుండా వచ్చిన బొమ్మకి మాత్రం ఆ సాకు లేదు. డైనోకైరస్‌దీ ఇలాంటి కథే. 1965లో మంగోలియాలో దొరికినవి దాదాపు రెండున్నర మీటర్ల చేతులే. మిగతా ఒళ్లు ఎలా ఉంటుందో 2014లో గానీ తేలలేదు. గూని వీపు, బాతుముక్కు లాంటి మూతి ఎవరూ ఊహించలేదు. అంతకుముందు చేసిన బొమ్మలన్నీ ఆ చేతులకి ఎవరికి తోచిన ఒళ్లు వారు తగిలించినవే.

తప్పులున్న పాత బొమ్మలు కొనడం దండగ కదా?

ఎవరన్నారు? 1970ల్లో మొదలైన ఇన్విక్టా బొమ్మలు లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం 1:45లో చేసినవి. సఫారీ కంపెనీ పిట్స్‌బర్గ్ కార్నెగీ మ్యూజియంతో కలిసి 1988 నుంచి 2015 దాకా 1:40లో కార్నెగీ వరస తెచ్చింది. 1990ల్లో బాటట్ బోస్టన్ సైన్స్ మ్యూజియం కోసం చేసిన చిన్న వరసని ఇప్పటికీ వెతుక్కుని కొంటారు. ఆ రోజుల్లో ఎముకల నుంచి తెలిసినదంతా వాటిలో పెట్టారు. సైజుల్లో కూడా నిజాయితీ ఎక్కువ, స్కేలు ముందనుకుని తర్వాత బొమ్మ చేశారు కాబట్టి. పాపో బొమ్మలు చూస్తే దీనికి తలకిందులు: చర్మం మీద ప్రతి ముడతా కనిపిస్తుంది, పోలిక మాత్రం చాలావాటిలో సినిమా జంతువులదే.

ఈ మధ్య వచ్చినవాటిలో స్కేలుకీ శాస్త్రానికీ రెండింటికీ సమానంగా విలువిచ్చేది ఇయోఫానా. వాళ్లు ఏనుగు జాతుల్నీ డైనోసార్లనీ 1:35, 1:40లలో తక్కువ సంఖ్యలో, నిదానంగా చేస్తారు. పీఎన్‌ఎస్‌ఓ అనే చైనా కంపెనీ బొమ్మలు కూడా చాలావరకు మంచివే.

బొమ్మతో జంతువు బరువు కట్టొచ్చా?

కట్టొచ్చు, శాస్త్రవేత్తలే కట్టారు. ఎడ్విన్ కోల్బర్ట్ 1962లో నమూనా బొమ్మల్ని ఇసుకలో పెట్టి ఘనపరిమాణం కొలిచాడు. బ్రాకియోసారస్‌కి 78 టన్నులు వచ్చింది. 1980ల్లో లీడ్స్ ప్రొఫెసర్ మెక్‌నీల్ అలెగ్జాండర్, మ్యూజియం దుకాణంలో అమ్మే ప్లాస్టిక్ బొమ్మలనే నీళ్లలో తూచి అదే జంతువుకి దాదాపు 47 టన్నులు కట్టాడు. బొమ్మ లావుగా ఉంటే జంతువు కూడా లావే. అంత తేడా రావడానికి ముఖ్య కారణం అదే.

మీరూ చేయొచ్చు. అంచుదాకా నీళ్లు నింపిన గిన్నెలో బొమ్మని ముంచి, పొర్లిన నీళ్లు కొలవండి. 1:40లో ఒక మిల్లీలీటరు అంటే అసలు జంతువులో 64 లీటర్లు (40ని మూడుసార్లు గుణిస్తే 64,000 కదా). జంతువు సాంద్రత దాదాపు నీటిదే అనుకుంటే 130 మిల్లీలీటర్ల టైరనోసారస్ 8.3 టన్నులు. సూ బరువుకి వేసే అంచనాలు ఆ దరిదాపుల్లోనే ఉన్నాయి. 220 మిల్లీలీటర్లు పొర్లితే 14 టన్నులు, అంటే బొమ్మ లావైనా అయ్యుండాలి, స్కేలు అబద్ధమైనా అయ్యుండాలి. లోపల డొల్లగా ఉన్నవి తేలతాయి, సన్నటి పుల్లతో అదిమిపట్టండి. అతుకుల్లోంచి నీళ్లు లోపలికి పోయేవాటితో ఈ పని పెట్టుకోవద్దు.

డైమెట్రోడాన్, ప్టెరనోడాన్ డైనోసార్లు కావంటారు. మరి అదే పెట్టెలో ఎందుకుంటాయి?

అమ్ముడవుతాయి కాబట్టి. డైమెట్రోడాన్ డైనోసార్లకన్నా చాలా ముందు పర్మియన్ యుగానిది, బల్లిలా కనిపించినా బంధుత్వం మనవైపు, అంటే క్షీరదాల వైపు. ప్టెరనోడాన్ ఎగిరే సరీసృపం. దాని బొమ్మలో నోటినిండా పళ్లుంటే పక్కన పెట్టేయండి, దానికి పళ్లే లేవు. ఎగిరేవాటికి పొడవు కాదు, ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొస దాకా కొలవాలి.

ఫొటో చూసి సైజు ఎలా అంచనా వేయాలి?

వేయొద్దు. తక్కువ ఎత్తు నుంచి దగ్గరగా తీస్తే అరచేతిలో పట్టేది కూడా భవనంలా కనిపిస్తుంది. అమ్మేవారిని స్కేలుబద్ద పక్కన పెట్టి, బొమ్మ పక్కనుంచి, ఎదురుగా నిలబడి తీసిన ఫొటో అడగండి.

రెండు కాళ్ల బొమ్మ కొన్నాళ్లకి ముందుకి ఒరిగిపోతోంది. కొలతలు కూడా మారిపోతాయా?

మారతాయి. తుంటి ఎత్తు తగ్గుతుంది, వాలు మారుతుంది. మెత్తటి పీవీసీ కాళ్లు బొమ్మ బరువుకి మెల్లగా వంగుతాయి, వేడి గదిలో ఇంకా త్వరగా. వేడి నీళ్లు (మరిగేవి వద్దు) ఒక గిన్నెలో పోసి, వంగిన కాళ్లు మాత్రం ఒకటి రెండు నిమిషాలు ముంచండి. మెత్తబడగానే నెమ్మదిగా సరిచేసి, కదలకుండా అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలోకి మార్చండి. పెయింట్ వేసిన చోట వేళ్లతో గట్టిగా నొక్కొద్దు. రెజిన్ బొమ్మలకి ఇది పనికిరాదు, విరుగుతాయి. సరిచేశాక కూడా మళ్లీ ఒరిగే రకం అయితే పొట్ట కింద పారదర్శకంగా ఉండే ఊతపుల్ల పెట్టండి. కొన్ని కంపెనీలు పెట్టెలోనే దాన్ని ఇస్తాయి, పారేసుకోవద్దు.